ఒక మోరీ, నలభై మంది మేనేజర్లు

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతబడినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదనీ, గనులు పోయాక మేనేజర్లు లేనందువల్లే ఇంత నష్టం జరిగిందనీ మా జిల్లా నైపుణ్య ప్రగతి మండలి అధ్యక్షులు శ్రీ నంజుండప్పగారు కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోలేదు. రాబర్ట్‌సన్‌పేట బస్టాండు దగ్గర వేదిక కట్టించి, మైకు పట్టుకుని ఆ సంగతి ప్రకటించారు.

"బంగారం పోయిందని యెన్నాళ్ళు యేడస్తారప్పా? పోతే పోనీండి. మనకి ప్రాజెక్టులు రావల్ల. ప్రాజెక్టులు యాడినుంచి వస్తాయి? మేనేజర్లు ఉంటే వస్తాయి. మేనేజర్లు యాడినుంచి వస్తారు? సర్టిఫికెట్టు ఉంటే వస్తారు. ఇంగ నేను సర్టిఫికెట్టు తెస్తా ఉండాను. ప్రపంచంలో యాడ చూపించినా చెల్లే సర్టిఫికెట్టు!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నేను పగలు బెంగళూరులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తాను, సాయంత్రం మా ఊరికి విలేకరిని. ఉదయం రైల్లో పోయి చీకటిపడ్డాక రైల్లో వచ్చే మనిషిని కనక ఊళ్ళో పగటిపూట జరిగే మంచిపనులు నా కంటబడటం తక్కువ. ఆ రోజు ఆదివారం కావడం నా అదృష్టం.

నంజుండప్పగారికి శ్రీనివాసపురంలో మామిడికాయల మండీ ఉంది. అందువల్ల ఎంత కఠినమైన విషయమైనా మామిడికాయల్లో పెట్టి చెప్పగలరు. "మా మండీకి వచ్చి చూడండప్పా. స్టిక్కరు లేని కాయ కోలారు దాటదు. అదే కాయకి స్టిక్కరు అంటిస్తే ఢిల్లీ లారీ యెక్కతాది. కాయ మారిందా? మారలే. మీరందరూ మంచి కాయలే. స్టిక్కరు లేదు, అంతే!" అన్నారు. మా ఊరి కుర్రవాళ్ళను అంత ప్రేమగా కాయలని పిలిచినవాళ్ళు అదివరకు లేరు. అక్కడికక్కడే నలభై మంది పేర్లిచ్చారు.

ఈ నలభై మందీ నాతోపాటు రోజూ మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయేవాళ్ళే. ఒకరు ఆస్పత్రిలో బిల్లులు కొడతారు, ఒకరు మాల్‌లో సెక్యూరిటీ, ఒకరు కొరియర్ గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెడతారు. ఆ పెట్టెలు లెక్కపెట్టే అతని పేరు జెరాల్డ్. సర్టిఫికెట్టు ఉంటే తనను షిఫ్టు ఇన్‌ఛార్జిని చేస్తామని అతని పైఅధికారి మాటిచ్చాడు. అందుకని అందరికంటే ముందు పేరిచ్చినవాడు అతనే.

శిక్షణ ఛాంపియన్ రీఫ్స్ గని పక్కన మా లైనులో, చర్చి హాల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక మొదలైంది. గనివాళ్ళకు కంపెనీ కట్టించిన ఇళ్ళ వరసను మేం లైను అంటాం. బెంగళూరు నుంచి సుధీంద్రగారనే కన్సల్టెంటు వచ్చారు. ఆయన లాప్‌టాప్ తెరవగానే గోడమీద బాణం గుర్తులు ప్రత్యక్షమయ్యాయి. వాటిని చూస్తే మాకు భయమూ భక్తీ కలిగాయి.

"ఎగ్జామ్ రాయాలంటే ముందు ఏదైనా ఒక ప్రాజెక్టును నడిపిన అనుభవం ఉండాలి. గంటల లెక్కన చూపించాలి" అన్నారు సుధీంద్రగారు.

జెరాల్డ్ లేచాడు. "సార్, మేనేజర్లుంటేనే ప్రాజెక్టు వస్తాదని నంజుండప్ప సార్ చెప్పినారు. ప్రాజెక్టు నడిపితేనే మేనేజర్ అయ్యేదని మీరు చెప్తా ఉండారు. మేము ముందు యేది చెయ్యల్ల సార్?"

"ఎక్సలెంట్ క్వశ్చన్" అని సుధీంద్రగారు నీళ్ళు తాగారు. తరువాత ఇంకొన్ని నీళ్ళు తాగారు.

మా ఊళ్ళో ఆ రోజున నడుస్తున్న ప్రాజెక్టు ఒక్కటీ లేదు. క్లాసు అర్ధాంతరంగా ముగిసింది. నంజుండప్పగారు దిగులుగా కారు దగ్గరికి బయల్దేరారు. కారు లైను బయటే ఉంది, ఎందుకంటే లైను మొదట్లో మేం మోరీ అనే పెద్ద మురుగుకాలవ ఉంది. కిందటి వానలకు నీళ్ళ ట్యాంకరు ఒకటి దానిమీదికి రావడంతో కల్వర్టు కూలి లోపల పడిపోయింది. అప్పటినుంచి గనిలోంచి తెచ్చిన పాత రైలు పట్టా ఒకటి అడ్డంగా వేసి, జనం దానిమీద ఒకరి వెనక ఒకరు దాటుతున్నారు. నంజుండప్పగారిని ముందొకరు వెనకొకరు పట్టుకుని దాటిస్తుండగా ఆయన కుడికాలి చెప్పు మోరీలో పడింది.

సరిగ్గా అప్పుడే క్లారమ్మ ఎదురొచ్చింది. ఆమె భర్త అమోసు గనిలో పనిచేసినవాడు. గని మూసేశారు గానీ గని దుమ్ము ఇంకా ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉంది.

"అప్పా, మా ఆయన ప్రతి సోమారం ఆస్పత్రికి పోవల్ల. ఆటో మోరీకి ఆపక్కే నిలబడిపోతాది. ఈయన పట్టామీద నాలుగడుగులేస్తే ఆయాసం, తల తిరగతాది. పిల్లోళ్ళు రైలుకి పోయే ముందొకసారి, వచ్చినాక ఒకసారి కుర్చీలో కూచోబెట్టి మోరీలో దిగి యెక్కి మోస్తా ఉండారు. యేదో ఒకరోజు జారతారు. ఒక కల్వర్టు కట్టీండప్పా, మీకి పుణ్యముంటాది" అంది.

నంజుండప్పగారు చెప్పులేని తన కాలివైపు చూసుకున్నారు. మోరీవైపు చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సుధీంద్రా! దొరికింది! ప్రాజెక్టు దొరికింది!"

క్లారమ్మ చేతులు జోడించి ఏడ్చింది. ఇంత తొందరగా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు. ఆ కన్నీళ్ళు చూసి నా గుండె కూడా కరిగింది. "చెప్పు పోయినా చలించని నేత" అని శీర్షిక పెట్టి వార్త పంపాను.

మొదట్లోనే ఒక పెద్ద విఘ్నం వచ్చిపడింది. మున్సిపల్ ఇంజనీరు మోరీని చూసి, "రెండు పైపులు, పైన ఒక స్లాబు. వారంలో అయిపోతుంది సార్" అన్నాడు. నలభై మంది ముఖాలూ పాలిపోయాయి. వారంలో అయిపోతే నలభై మందికీ అనుభవం గంటలు ఎలా నిండుతాయి?

"నలభై మంది పిల్లోళ్ళ నోటికాడ కూడు తీస్తావేమయ్యా?" అని నంజుండప్పగారు గర్జించారు. ఇంజనీరు తన తప్పు తెలుసుకుని, క్షమాపణ చెప్పి, దీర్ఘకాలం సెలవు పెట్టాడు.

ఆ తరువాత పని చురుగ్గా సాగింది. అయితే మేనేజర్లందరూ పగలంతా బెంగళూరులో ఉంటారు కనక ప్రాజెక్టు కూడా రైల్లోనే నడిచింది. అదివరకు పేకాట నడిచే పెట్టెలో పేకలు మూసి ప్రాజెక్టు తెరిచారు. ఉరిగాం దాటగానే ప్రణాళిక, బంగారుపేటలో ఇడ్లీలు, మాలూరు దాకా ప్రమాదాల అంచనా, వైట్‌ఫీల్డ్ వచ్చేసరికి అభినందనలు. మోరీకి మొసలి వస్తే ఏం చేయాలో కూడా రాసి పెట్టుకున్నారు. కిటికీ దగ్గర కూచుని ఇవన్నీ వింటూ ఉంటే మా ఊరు ఎక్కడికో పోతోందని నాకు గర్వంగా ఉండేది.

మా ఊరివాళ్ళకు ఇంకొక సంప్రదాయం ఉంది. తాతల కాలం నుంచి గనిలో మూడు షిఫ్టులు. ఒక షిఫ్టువాడు వచ్చి ఛార్జి తీసుకుంటే తప్ప ముందు షిఫ్టువాడు చోటు వదలడు. కాబట్టి మోరీకి కూడా మూడు షిఫ్టులు పెట్టారు. రోజూ మారికుప్పం ప్లాట్‌ఫారం మీద ఛార్జి మార్చుకునేవారు.

"మోరీ యెట్లుండాది?"

"ఉండేట్లే ఉండాది."

"పైపులు?"

"రాలే."

"సిమెంటు?"

"అడగలే."

"సరే, నేను తీసుకుంటా ఉండాను."

"జాగ్రత్తప్పా."

ఇద్దరూ చేతులు కలిపేవారు. అంత బాధ్యతగా అప్పజెప్పిన మోరీ ఇంకొకటి దేశంలో ఉంటుందని నేననుకోను.

తవ్వేవాళ్ళెవరని జెరాల్డ్ ఒకరోజు అడిగాడు. మేనేజరు గడ్డపార పట్టుకుంటే ఆ గంటలు లెక్కలోకి రావని సుధీంద్రగారు ఫోన్‌లో చెప్పారు. లైనులో గడ్డపార ఎత్తగలిగినవాళ్ళందరూ మేనేజర్లే కనక ఆ ప్రస్తావన అంతటితో ఆగింది.

అమోసు మాత్రం రోజూ ఉదయం గుమ్మంలో కుర్చీ వేసుకుని మోరీనే చూస్తూ కూచునేవాడు. ఒక ఆదివారం నేను పలకరిస్తే దగ్గు ఆపుకుని, "గనిలో ఇంతమంది మేనేజర్లు ఉండింటే బంగారం భయపడి తనంతట తానే పైకొచ్చుండును సామీ" అన్నాడు. ముసలాయనకు ప్రాజెక్టు మీద ఉన్న నమ్మకానికి నేను సంతోషించాను.

ఇక అందరి గంటలూ నింపడం ఎలా అనేది మిగిలింది. దానికి మార్గం సుధీంద్రగారే కనిపెట్టారు. ఒక సోమవారం సెలవు వచ్చి ఆయన క్లాసుకు వచ్చినప్పుడు, నలుగురు కుర్రాళ్ళు అమోసును కుర్చీతో సహా మోరీలోకి దించి అవతలి గట్టుకు ఎక్కించడం చూశారు. ఎన్నో నెలలుగా వాళ్ళు చేస్తున్న పనే అది. ఎవరూ అడగకుండానే చేస్తున్నారు.

"వాటీజ్ దిస్? ఇది లబ్ధిదారుడి తరలింపు! ఇది ప్రాజెక్టు పనే! దీన్ని లీడ్ చేస్తున్నదెవరు?" అన్నారాయన ఉద్వేగంగా.

"యెవురూ లేరు సార్. మేమే మోస్తా ఉండాము."

"అయ్యో, అన్ని గంటలూ వృథా చేశారే! కుర్చీ ముందు ఒకరు నడవాలి. వాళ్ళకు గంటలు వస్తాయి."

ఆనాటి నుంచి కుర్చీ ముందు నడవడానికి పోటీ మొదలైంది. మోసే వంతు ఒకరిది, నడిచే వంతు ఒకరిది. సోమవారం ఒక్కటీ ఎలా సరిపోతుంది? ఒక సాయంత్రం, ఆస్పత్రి బిల్లుల జూలియా రైలు దిగి నేరుగా అమోసు ఇంటికే వచ్చింది.

"మామా, లేయండి. కుర్చీ యెక్కండి."

"ఈ పొద్దు మంగళారం గదమ్మా."

"నాకి గంటలు తక్కువుండాయి మామా. ఊరికే ఆపక్కకి పోయి వద్దాం."

"ఆడ నాకేం పని?"

"టీ తాగండి."

అలా అమోసు వారానికి అయిదారుసార్లు మోరీ దాటి టీ తాగడం మొదలుపెట్టాడు. క్రిస్మస్ వారంలో కుర్చీకి రంగు కాగితాలు కూడా కట్టారు. క్లారమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. "పెండ్లికొడుకు మాదిరి ఊరేగిస్తా ఉండారే, కల్వర్టు యాడ? ఆయన ఊపిరి మీకి ఆటగా ఉండాదా?" అని జెరాల్డ్‌ను నిలబెట్టి అడిగింది. జెరాల్డ్ తల వంచుకుని, కల్వర్టు ఇంకా ప్రణాళిక దశలో ఉందని చెప్పాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాడు.

ఫిబ్రవరికి అందరి గంటలూ నిండాయి. పరీక్ష కూడా అయింది. నంజుండప్పగారి మాటల్లో చెప్పాలంటే కాయలన్నీ పండాయి. సర్టిఫికెట్లు ఇవ్వడానికి సాక్షాత్తూ మంత్రిగారే వస్తున్నారని కబురు వచ్చింది. ఆ వెంటనే, అప్పటికి ప్రాజెక్టు పూర్తయి ఉండాలని ఇంకో కబురు వచ్చింది.

మర్నాడు రైల్లో అత్యవసర సమావేశం జరిగింది. సుధీంద్రగారు జెరాల్డ్ ఫోన్‌లోంచి మాట్లాడారు. అందరూ చెవులు దగ్గరపెట్టి విన్నారు.

"కంగారు పడకండి. మనం కల్వర్టు ఎందుకు కడుతున్నాం?"

"అమోసు మామ ఆటోలో మోరీ దాటేదానికి సార్."

"ఎక్కడికి?"

"ఆస్పత్రికి సార్."

"అంటే మన లక్ష్యం కల్వర్టు కాదు. అమోసుగారు ఆటోలో మోరీ దాటి ఆస్పత్రికి చేరడం. అంతేనా?"

"అంతే సార్!"

"అయితే కల్వర్టు తీసేయండి. దాన్ని స్కోప్ తగ్గించడం అంటారు."

మాలూరు స్టేషన్లో కల్వర్టును తీసేశారు. పెట్టెలో అందరి భుజాల మీదినుంచి బరువు దిగినట్టయింది. ఆ సాయంత్రం అమోసు దగ్గరికి పోయి సమ్మతి అడిగితే, "ఆటోలో దాటిస్తారా? గుమ్మం కాడినుంచి? నాకదే చాలప్పా" అన్నాడు. పాపం, ఆ ముఖంలో ఆశ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

మంత్రిగారు వచ్చిన సోమవారం నలభై మందితోపాటు నేనూ సెలవు పెట్టాను. ఇంజనీరు కూడా సెలవు ముగించుకుని, ఒక లారీలో మందమైన ఇనుపరేకులు తెచ్చాడు. జనం కాఫీ తాగి వచ్చేలోపల మోరీమీద రేకులు పరిచేశాడు. మంత్రిగారి కారు వాటిమీద ఒక్క కుదుపు లేకుండా లైనులోకి వచ్చింది. క్లారమ్మ వంగి రేకును చేత్తో తడిమి చూసింది. మునియప్ప ఆటో దానివెనకే వచ్చి అమోసు గుమ్మం ముందు ఆగింది. అమోసు పెళ్ళినాటి కోటు వేసుకుని ఎక్కాడు. మంత్రిగారు పచ్చజెండా ఊపారు. ఆటో మోరీ దాటింది. నలభై మందీ ఈలలు వేశారు. క్లారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె కూడా ఆస్పత్రికి పోవాల్సిందే గానీ, లబ్ధిదారుడి భార్యగా శాలువా కప్పించుకోవాలని ఆమెను వేదికమీద ఆపేశారు.

సర్టిఫికెట్లు పంచాక సుధీంద్రగారు గంభీరంగా ప్రకటించారు. "అమోసుగారు ఆస్పత్రికి చేరారని ఇప్పుడే ఫోన్ వచ్చింది. లక్ష్యం నెరవేరింది. ప్రాజెక్టు మూసేశాం. మూసేశాక మీలో ఎవరైనా ఆ పనిమీద చెయ్యి వేశారంటే, అది పూర్తికానట్టే లెక్క. సర్టిఫికెట్లు రద్దవుతాయి." అందరూ సర్టిఫికెట్లు గుండెలకు హత్తుకున్నారు.

మంత్రిగారి కారు వెళ్ళిపోయింది. అది అటు పోగానే కూలీలు రేకులు ఎత్తి లారీలో వేయసాగారు.

"రేకులు యాడికప్పా?" అంది క్లారమ్మ.

"రాయల్పాడుకమ్మా. మంత్రిగారికి సాయంత్రం ఆడ ఫంక్షన్ ఉండాది. ఆడా ఒక మోరీ ఉండాది, ఒక బ్యాచి ఉండాది" అన్నారు నంజుండప్పగారు తృప్తిగా. మంత్రిగారు దారిలో భోజనానికి ఆగుతారు కనక లారీ ముందే చేరుతుందని కూడా వివరించారు.

బిర్యానీ అయ్యి, నంజుండప్పగారూ సుధీంద్రగారూ, వాళ్ళను సాగనంపడానికి మేమూ పట్టా దాటి కారు దగ్గర కిళ్ళీ వేసుకుంటుండగా ఆటో తిరిగొచ్చింది. అమోసు దిగాడు. మోరీవైపు చూశాడు. ఆయన కోటు గుండీలు విప్పి ఉన్నాయి, ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది.

"పొద్దున వచ్చిన దారి యాడప్పా?"

సుధీంద్రగారే నెమ్మదిగా చెప్పారు. "ఆస్పత్రికి చేరడం వరకే స్కోప్ అండీ. తిరిగి రావడం అందులో లేదు."

"ఇంటికి పోవల్ల గదా సామీ."

అలవాటు కొద్దీ నలుగురు కుర్చీ తెచ్చి అమోసును కూచోబెట్టారు. వంగి కుర్చీ కాళ్ళు పట్టుకోబోయారు. సుధీంద్రగారు దగ్గారు. నాలుగు జతల చేతులూ వెనక్కి వచ్చాయి. జెరాల్డ్ కళ్ళనిండా నీళ్ళు. "మామా, రేపు ఈ కాగితం చూపిస్తే నాకి ఇన్‌ఛార్జి ఇస్తారు మామా" అన్నాడు. అమోసు అతని భుజం తట్టాడు.

క్లారమ్మ ఇవతలి గట్టునుంచి అంతా చూసింది. శాలువా తీసి నేలకేసి కొట్టింది. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి మోరీలో దిగి అవతలికి ఎక్కింది. "మీకి సర్టిఫికెట్టు ఉండాది, ముట్టుకోవద్దండి! నాకి లేదు. నేను పడతాను" అని ఒక కాలు పట్టుకుంది. మునియప్పకూ సర్టిఫికెట్టు లేదు. ఒక కాలు పట్టుకున్నాడు. ఆమె నావైపు చూసింది. ఆ చూపుకు నేను పేపరూ పెన్నూ జేబులో పెట్టుకుని మూడో కాలు పట్టుకున్నాను.

"ఇంగ సర్టిఫికెట్టు లేనోళ్ళు యెవురుండారు?" అని క్లారమ్మ చుట్టూ చూసింది. ఆమె చూపు నంజుండప్పగారి తెల్లచొక్కా మీద ఆగింది. "అప్పా, మీకి ఉండాదా?"

నలభై మందికి పంచిపెట్టి, తనకంటూ ఒక్కటి దాచుకోని మనిషి ఆయన. ఆ నిస్వార్థం అప్పటిదాకా మా ఎవరికీ తట్టలేదు.

నంజుండప్పగారు మోరీలోని నల్లటి నీళ్ళవైపు ఒకసారి చూశారు.

"సుధీంద్రా, ఒకటి యేమన్నా మిగిలుండాదా?"

"ఉంది సార్."

"నా పేరు రాయి."

సుధీంద్రగారు కారు బానెట్టు మీద పెట్టి రాశారు. నలభై మందీ చప్పట్లు కొట్టారు. నంజుండప్పగారు సర్టిఫికెట్టు కళ్ళకద్దుకుని, "చూడమ్మా, ఇంగ నేనూ ముట్టుకోకూడదు. ఒక్క నిమిషం ముందు అడిగింటే పట్టుండును" అన్నారు బాధగా.

కుర్చీలో అమోసు కదిలాడు. "యేంటికే అందర్నీ అడక్కునేది? నాకీ సర్టిఫికెట్టు లేదు గదా" అని లేచి నిలబడి, వంగి, నాలుగో కాలు పట్టుకున్నాడు.

నలుగురం కుర్చీ ఎత్తి మోరీలో దిగాం. కుర్చీ చాలా తేలికగా ఉంది. గట్టుమీద మేనేజర్లందరూ ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. సగం దూరం పోయేసరికి అమోసుకు ఆయాసం వచ్చి నిలబడలేకపోయాడు. క్లారమ్మ గాభరాపడి, "దించండి, దించండి, కూచోబెట్టండి" అంది. కుర్చీ నీళ్ళలో దించి ఆయన్ను కూచోబెట్టాం. ఆయన కాస్త తేరుకున్నాక మళ్ళీ ఎత్తబోయాం. నాలుగో కాలు పట్టుకునేవాళ్ళు లేరు.